గడపకు పసుపు, పొలిమేరకు పొలి

ఊరు ఎంతుందో చెప్పాలంటే తెలుగులో గడపల లెక్క చెబితే చాలు. 'రెండొందల గడప ఉన్న ఊరు' అంటే ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో, పెళ్లికి ఎన్ని విస్తళ్లు వెయ్యాలో ఓ అంచనా వచ్చేస్తుంది. ఓట్లడిగేవాళ్లూ 'గడప గడపకూ' తిరుగుతామంటారు. కప్పు, గోడ, పొయ్యి ఇన్ని ఉండగా ఇంటికి గుర్తుగా నిలిచింది గుమ్మంలో అడ్డంగా పడి ఉన్న చెక్క.

ఆ చెక్కకు జరిగే మర్యాద తక్కువేం కాదు. గుమ్మం నిలబెట్టడానికి విడిగా ముహూర్తం పెడతారు, నవధాన్యాలు పసుపు గుడ్డలో మూటకట్టి పైన కడతారు. శుక్రవారం వస్తే గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో గీతలు వేస్తారు. ఈమధ్య చాలా ఇళ్లలో పసుపురంగు ఎనామిల్ పెయింట్ కొట్టి, మీద ఎర్రచుక్కలు పెట్టేస్తున్నారు. వారం వారం రాసే పని తప్పింది, గడప మాత్రం బోసిగా లేదు. అద్దె ఫ్లాట్లలో ముగ్గు స్టిక్కర్ అతికిస్తారు. గడప అంటూ లేని అమెరికా ఇళ్లలో తలుపు కింద ఉండే అల్యూమినియం పట్టీకే బొట్టు పెట్టేవాళ్లున్నారు.

ఇక చేయకూడనివి: గడప మీద కూర్చోకూడదు, నిలబడి తుమ్మకూడదు, ఇవతల నుంచి అవతలకు డబ్బు అందించకూడదు. అప్పు తీర్చడానికి వచ్చినవాడితో 'లోపలికి రా, లేదా నేనే బయటికొస్తా' అంటారు. పురుగూ పుట్రా రాకుండా, వాననీళ్లు దొర్లకుండా గడప పెట్టారనే వివరణ ఒకటి ఉంది. అది గడప ఎత్తుకు కారణం అవుతుందే తప్ప, దాని మీదుగా వందనోటు ఎందుకు చేతులు మారకూడదో చెప్పదు. అసలు చిక్కు మరోచోట ఉంది. గడప లోపలా కాదు, బయటా కాదు. అక్కడ నిలబడినవాడు ఏ ఇంటి మనిషో, ఏ నియమానికి లోబడతాడో తేలదు. అలాంటి తేలని చోట్లలోనే పురాణాలు పెద్ద పెద్ద కథలు నడిపాయి.

హిరణ్యకశిపుడి వరం అందరికీ తెలిసిందే. ఇంట్లో గానీ బయట గానీ, పగలు గానీ రాత్రి గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ, మనిషి చేత గానీ మృగం చేత గానీ చావు రాకూడదన్నాడు. జంటలు జంటలుగా లోకాన్నంతా కట్టేశాననుకున్నాడు. ప్రతి జంటకూ నడుమ ఒక సందు ఉంటుందని మరిచాడు. పగటికీ రాత్రికీ మధ్య సంధ్య ఉంది, మనిషికీ మృగానికీ మధ్య నరసింహుడున్నాడు, నేలకూ నింగికీ మధ్య ఆయన తొడ ఉంది. ఇంటికీ బయటికీ మధ్య గడప. హరి ఎందులోనైనా ఉంటాడని ప్రహ్లాదుడు చెప్పే పద్యం బడికి వెళ్లిన ప్రతివాడికీ నోటికొచ్చు, స్తంభం పగలడం సినిమా వాళ్ల పుణ్యమా అని కళ్లకు కట్టింది. చంపిన చోటు సంగతే వెనక్కి పోయింది. సంస్కృత భాగవతం సప్తమ స్కంధం ఆ చోటును 'ద్వారి', అంటే వాకిట్లో, అని ఒక్క మాటలో చెప్పి వదిలేస్తుంది. వరం ప్రకారం చూస్తే కథంతా నిలబడింది ఆ ఒక్క మాట మీద.

ఇంకా వెనక్కి వెళితే ఈ కథకు మరో మడత కనిపిస్తుంది. హిరణ్యకశిపుడు మొదటినుంచీ రాక్షసుడు కాడు, అంతకుముందు వైకుంఠంలో కాపలాదారు. సనకాది మునులు ఆరు వాకిళ్లు దాటి ఏడో వాకిటికి వస్తే జయవిజయులు బెత్తాలు అడ్డం పెట్టి ఆపారు, శాపం తిన్నారు, ఒకడు హిరణ్యాక్షుడు, ఒకడు హిరణ్యకశిపుడు అయ్యారు. అంటే వాకిలి కాయడం చేతకానివాడు చివరికి వాకిలి మీదే చచ్చాడు. తరవాతి జన్మలో రావణ కుంభకర్ణులు. వాల్మీకంలో లేకపోయినా జనం నోట స్థిరపడ్డ లక్ష్మణ గీత దగ్గరకు వచ్చి, తాను దాటలేక సీతను దాటించిందీ ఆ పాత కాపలాదారుల్లో ఒకడే. ఈ పోలికను పురాణకర్తలు కావాలని పెట్టారని గట్టిగా చెప్పలేం గానీ, కాకతాళీయం అనుకోవడానికి మనసొప్పదు. ఎవరిని ఆపాలో, ఎవరిని పోనివ్వాలో తెలియడమే ద్వారపాలకుడి పని. అందరినీ ఆపడానికైతే గోడ చాలు.

తిరుమలలో ఆనందనిలయం గర్భగుడి గడపకు కులశేఖర పడి అని పేరు. 'పడి' అంటే తమిళంలో మెట్టు. కేరళ ప్రాంతాన్నేలిన కులశేఖర ఆళ్వారు తన పాశురాల్లో వేంకటాద్రి మీద చేపగా, కొంగగా, చెట్టుగా, ఏదో ఒకటిగా పుట్టించమని అడిగి, చివరికి నీ గుమ్మంలో మెట్టుగా పడి ఉండి నీ పగడపు పెదవి చూస్తుంటే చాలు అన్నాడు. మెట్టుకు ఆయన పేరే నిలిచింది. అక్కడికి కొన్ని అడుగుల ముందు బంగారు వాకిలి, దానికి రెండు పక్కలా జయవిజయులు. ఆపేవాళ్లు నిలబడి ఉన్నారు, భక్తుడు అడ్డంగా పడుకుని ఉన్నాడు. గడప అనే మాటకున్న రెండు అర్థాలూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

ఆ కొండకే ఒక పెద్ద గడప ఉంది, దాని పేరుతో జిల్లా కూడా ఉంది. ఉత్తరం నుంచి తిరుమలకు నడిచేవాళ్లు ముందు దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరుణ్ణి చూసుకుని కదలాలన్నది వాడుక. గడపే కడప అయిందని స్థానికులు చెప్పుకుంటారు. ఉగాది నాడు ఆ గుడికి ముస్లింలు వరస కడతారు, బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అన్న లెక్కన బెల్లం, చింతపండు, కూరగాయలు పట్టుకొచ్చి ఇస్తారు. గడప దేవుడి దగ్గర చుట్టరికం ఇలా కలుస్తుంది.

ఇంటి గడప చెక్కతోనో రాయితోనో చేసింది, కంటికి కనపడుతుంది. ఊరికి అలాంటిది లేదు. తెలుగు పల్లెలకు కోటగోడలు అరుదు. పొలం, మేర కలిసి పొలిమేర అయింది. ఎక్కడ పొలం అయిపోతుందో అక్కడ ఊరు అయిపోతుంది. రెండు ఊళ్ల చేలు పక్కపక్కనే పచ్చగా ఉంటే మధ్యలో ఏముంది? ఒక గట్టు, ఒక రాయి, వేపచెట్టు. పోలేరమ్మ పేరు పొలిమేరమ్మ నుంచే వచ్చిందంటారు. ఎల్లమ్మ పేరులోని 'ఎల్ల' అంటే కూడా హద్దే. తునికి దగ్గర లోవలో తలుపులమ్మ ఉంది. తలపులు తీర్చే తల్లి కనుక ఆ పేరని గుడివాళ్ల వివరణ, చెవికి మాత్రం తలుపే వినపడుతుంది. కొత్త బండి కొన్నవాళ్లు రోడ్డెక్కే ముందు అక్కడికే తీసుకుపోతారు.

ఈ అమ్మలను 'ఊరి కాపలా దేవతలు' అనేసి ఊరుకోవడం మామూలు. అది సగం నిజం. కాపలా కాయాలంటే ముందు గీత ఉండాలి. పల్లెలో ఆ గీతను గీసేదే కొలుపు, అంటే అమ్మవారికి ఊరంతా కలిసి చేసే జాతర. 1916లో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, అంతకు ఏడాది ముందు నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన మిషనరీ ఎల్మోర్ గ్రామదేవతల మీద పుస్తకాలు వేశారు. ఇద్దరి రాతలోనూ చిన్నచూపు కనిపిస్తుంది, అయినా చూసింది చూసినట్టు రాసిన చోట్లు పనికొస్తాయి. బలి ఇచ్చిన దున్నపోతు నెత్తురు కలిపిన అన్నం, దాన్నే పొలి అంటారు, గంపకెత్తుకుని అర్ధరాత్రి డప్పులతో, కాగడాలతో ఊరి చుట్టూ తిరుగుతారు. 'పొలి, పొలి' అని అరుస్తూ అన్నం చల్లుతారు. పక్క ఊరివాళ్లు ఆ అన్నం ఎత్తుకుపోతే కొలుపు ఫలం వాళ్లకు పోతుందన్న భయంతో కర్రలు పట్టుకుని కాపు కాస్తారు. తెల్లారేసరికి అన్నం కాకులు తినేస్తాయి. అయినా రాత్రి ఎక్కడెక్కడ చల్లారో ఊరందరికీ ఎరుకే. పొలిమేర అంటే ఆ నడక గుర్తు. అందుకే దాన్ని ఏడాదికో, మూడేళ్లకో, రోగం వచ్చినప్పుడో మళ్లీ నడవాలి.

అప్పటి మద్రాసు రాష్ట్రంలో 1950లోనే జంతుబలి నిషేధ చట్టం వచ్చింది. బలులు పూర్తిగా ఆగలేదు గానీ చాలాచోట్ల గుమ్మడికాయ కొట్టి, కుంకుమ కలిపిన అన్నం చల్లుతున్నారు. నెత్తురు రంగు మారింది, చుట్టూ తిరగడం మానలేదు.

తెలంగాణ ఊళ్లలో ఈ లెక్క ఇంకో తీరుగా ఉంటుంది. హద్దు అంచున ఉండాలి, దేవత మాత్రం ఊరి నడిబొడ్డున. అదే బొడ్రాయి, బొడ్డురాయి. పిల్లకు తల్లితో తెగిన చోటు బొడ్డు అయితే, ఊరికి అలాంటి గుర్తు ఈ రాయి. కొత్త బొడ్రాయిని నిలబెట్టేటప్పుడు ఊరికి కట్టడి వేస్తారు. పొలిమేర చుట్టూ పొలి చల్లి, ఆ పొద్దంతా బయటివాళ్లను లోపలికి రానివ్వరు, లోపలివాళ్లను బయటికి పోనివ్వరు, దారుల దగ్గర మనుషులు కాపలా ఉంటారు. నడుమ ఒక మేకు కొట్టి, తాడు పట్టుకుని చుట్టూ వృత్తం గీసినట్టు ఉంటుంది వ్యవహారం. నడిబొడ్డు తేలితేనే అంచు తేలుతుంది.

తిరుపతి గంగమ్మ జాతర దీన్నే పట్నం కొలతలో చూపిస్తుంది. వైశాఖంలో ఒక మంగళవారం అర్ధరాత్రి చాటింపు వేస్తారు. ఇక జాతర అయ్యేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి వేరేచోట రాత్రి నిద్ర చేయకూడదు, పొరుగూరి వాళ్లు ఇక్కడ రాత్రి ఉండకూడదు. పల్లెలో ఇది సరే. రోజుకు అరవై డెబ్బై వేల మంది యాత్రికులు కొండెక్కి దిగే ఊళ్లో ఈ చాటింపు! లాడ్జీలేవీ ఖాళీ చేయించరు, రైళ్లేవీ ఆపరు. చాటింపు పడేది తిరుపతి తనదనుకున్నవాళ్ల మీదే. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట చుట్టుపక్కల పాత కుటుంబాల్లో ఆ వారం ఊరు దాటాలంటే ఇప్పటికీ వెనకాడతారు, తప్పనిసరి అయితే పొద్దుగుంకేలోగా తిరిగొస్తారు. కొండ మీది ఆయన చెల్లెలు గంగమ్మకు పసుపు కుంకుమలు, చీర పంపిస్తాడు. లోకమంతా వచ్చిపోయే అన్న, ఊరివాళ్లను ఊళ్లో కట్టి ఉంచే చెల్లెలు.

పోలేరమ్మ దగ్గరే అసలు మెలిక. మశూచి తెచ్చేది ఆమే, తీసేదీ ఆమే. ఒంటి మీద పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అన్నారు గానీ జబ్బు చేసిందనలేదు. శత్రువు బయట, దేవత లోపల అన్న విభజన ఇక్కడ పనిచేయదు. ఆమెను బతిమాలి పిలుస్తారు, చల్లటి అంబలి, వేపాకు పెట్టి శాంతింపజేస్తారు, ఆఖర్న ఊరేగించి పొలిమేర దాకా తీసుకెళ్లి సాగనంపుతారు. పొలిమేర అవతల వదిలేస్తే ఆమె ఎటు పోవాలి? పక్క ఊరికే. అందుకని పక్క ఊరివాళ్లు కూడా కొలుపు చేసి తమ అవతలి పొలిమేరకు పంపుతారు. మెడికల్ కాలేజీ భాషలో దీన్ని అంటువ్యాధి వ్యాప్తి అనవచ్చు. రెండు ఊళ్ల మధ్య గొడవలకు ఇది మంచి కారణమయ్యేదని వేరే చెప్పాలా.

చెరువు కట్ట మీద మైసమ్మదీ ఇదే స్వభావం. కట్ట ఒకపక్క నీళ్లు, ఒకపక్క పంట. నీళ్లు లేకపోతే పంట లేదు, కట్ట తెగితే ఊరే లేదు. కట్టమైసమ్మ ఉండేది ఆ రెంటి మధ్య ఉన్న మట్టిగట్టు మీద. హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ కింద ఆమె గుడి ఉంది, చుట్టూ ట్రాఫిక్ హోరు. చెరువులు పూడ్చి కాలనీలు లేచిన చోట కట్ట లేకపోయినా మైసమ్మ మిగిలింది, ఇక్కడో గట్టుండేదని చెప్పడానికి ఆమె తప్ప వేరే సాక్ష్యం లేదు. వానాకాలం నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు కాలనీవాళ్లకు సంగతి తెలుస్తుంది.

ఈ హద్దులను ఎవరు మోశారన్న ప్రశ్న మీద చాలామంది రచయితలు తొందరగా నడిచిపోతారు. తెలుగు పల్లెలో ఊరు వేరు, వాడ వేరు. మాల మాదిగల ఇళ్లు ఊరి బయట పెట్టించారు, ఊరి బావిలో నీళ్లు తోడనివ్వలేదు. అమ్మవారి రాత్రి వచ్చేసరికి డప్పు వాళ్లదే, గంప వాళ్ల నెత్తి మీదే. అమ్మవారికి అంకితమైన మాదిగ స్త్రీని మాతంగి అంటారు. ఆమె ఒంటి మీదకు అమ్మ వచ్చినప్పుడు ఊళ్లోకి నడిచి వచ్చి, మిగతా రోజుల్లో తనను ముట్టుకోని కులాల వాళ్లను ముట్టుకునేది, తిట్టేది, ముఖాన ఉమ్మేది. వాళ్లు తల వంచి నిలబడేవాళ్లు. ఎల్మోర్, దక్షిణాది కులాల మీద పుస్తకాలు వేసిన ఎడ్గర్ థర్‌స్టన్ ఇద్దరూ దీన్ని నమోదు చేశారు.

మైసూరు ప్రాంతంలో బ్రిటిష్ వాళ్ల కాలంలో రాసుకున్న మరో ఆచారం ఉంది. రెండు ఊళ్ల మధ్య హద్దు తగాదా వస్తే కరణం లెక్కలు కాదు, 'కుళవాడి' అనే మనిషిని పిలిచేవాళ్లు. అతను అక్కడ అంటరానిదిగా చూసిన హొలెయ కులస్థుడు, ఊరి సేవకుడు. ఆ ఊరి మట్టితో ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి నీళ్లు పోసి, అతని నెత్తిన పెడతారు. అతను నడుస్తాడు, వెనక రెండూళ్ల పెద్దలు నడుస్తారు. సరైన గీత మీద ఉన్నంతసేపూ ముద్దకు ఏమీ కాదు. గీత దాటి పక్క ఊరి నేల మీద అడుగు పడితే ముద్ద పగిలిపోతుందని, అతను పదిహేను రోజుల్లో చస్తాడని నమ్మకం. ఊళ్లో ఉండనివ్వని మనిషి నెత్తి మీద ఊరు మొత్తం తడిమట్టిగా కూర్చుని, తప్పటడుగు వేశావా చస్తావంటోంది. దీనికి సమాధానంగా, ఒకప్పుడు ఈ నేలంతా వాళ్లదే కనుక హద్దులు వాళ్లకే ఎరుక అని ఆ రాసినవాళ్లే ఊహించారు. అది నిజమో కాదో గానీ, ఒక సంగతి స్పష్టం. హద్దు మీద పనికొచ్చేది రెండు వైపులా పూర్తిగా చెందనివాడే. పోలేరమ్మకు ఊరవతల చెట్టు కింద చోటిచ్చిన బుద్ధీ, మాతంగికి ఊరవతల గుడిసె ఇచ్చిన బుద్ధీ ఒక్కటే. ఒకరికి మొక్కారు, ఒకరిని మాత్రం ఏడాదిలో ఒక్క రాత్రి మొక్కి, మిగతా రాత్రుళ్లు అంటరానిదాన్ని చేశారు.

రోమన్లకూ ఈ బాపతు దేవుళ్లు బోలెడు. రెండు ముఖాల జానస్ పేరు జనవరిలో ఉండటంతో అందరికీ తెలుసు. తలుపు రెక్కకు ఫోర్కులస్, బందులకు కార్డియా, గడపకు లిమెంటినస్ అని ముగ్గురు వేరే ఉన్నారు. ఇంటి తలుపుకు మనిషైతే ఒక్క కాపలావాడు చాలు, వీళ్లకు ముగ్గురు దేవుళ్లు కావాల్సి వచ్చారని ఐదో శతాబ్దంలో క్రైస్తవ గురువు అగస్టీన్ వెక్కిరించాడు. మన పొలిమేరకు దగ్గరగా వచ్చేది టెర్మినస్. ఆయనకు బొమ్మ లేదు, పొలం గట్టు మీది రాయే ఆయన. ఫిబ్రవరి 23న రెండు పొలాల రైతులూ ఎవరి వైపు నుంచి వాళ్లు వచ్చి అదే రాతికి దండలు వేసి, గొర్రెపిల్ల నెత్తురు చిలకరించి, కలిసి భోంచేసేవాళ్లని కవి ఓవిడ్ వర్ణించాడు. కాపిటోల్ కొండ మీద జూపిటర్‌కు గుడి కడుతూ చిన్న దేవుళ్లనందరినీ పక్కకు జరగమంటే ఈయనొక్కడే జరగనన్నాడు. గుడి లోపలే ఉంచి, పైకప్పుకు కంత పెట్టారు. పొలి కోసం కర్రలు పట్టుకుని కాపు కాసిన మన ఊళ్లకూ, ఒకే రాతికి రెండు దండలు వేసిన రోమన్ రైతులకూ తేడా చూడాల్సిందే. అక్కడ హద్దు రాయి ఇద్దరి ఉమ్మడి ఆస్తి. గ్రీకుల హెకటే అయితే మన వీధిచివరి ఆచారానికి మరీ దగ్గర. అమావాస్య నాటికి ఇల్లు ఊడ్చి తుడిచిన మిగుళ్లు, కొంత తిండి మూడుదార్ల కూడలిలో ఆమెకు పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. దిష్టి తీసిన నిమ్మకాయలు, గుమ్మడికాయ ముక్కలు మూడుదార్ల దగ్గర తొక్కకుండా బండి పక్కకు తిప్పే ఎవరికైనా ఇది కొత్తగా అనిపించదు.

మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయింది. పోలేరమ్మకు పని లేకుండా పోవాలి, పోలేదు. తొంభైల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని బొగ్గుతో రాసుకున్నారు. రాత్రి వచ్చి తలుపు కొట్టే ఆడదయ్యం అది చదివి వెనక్కి పోతుందని, మర్నాడొచ్చి మళ్లీ అదే చదువుతుందని నమ్మారు. గడప దగ్గర ఆగి, రాసింది చదివి, మర్యాదగా మాట మీద నిలబడే దయ్యం! 2020 మార్చిలో కరోనా భయానికి తెలుగు ఊళ్లెన్నో పొలిమేరలో ముళ్లకంపలు, బండరాళ్లు, చెట్టు కొమ్మలు అడ్డం వేసి దారులు మూసేశాయి. వాటి పక్కన కుర్రాళ్లు కర్రలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ నేర్పలేదు, సర్క్యులర్ ఏదీ రాలేదు. ఊరి గీత ఎక్కడుందో, దాన్ని ఎలా మూయాలో ఊరికి ముందే తెలుసు. ఆ కంపలకు తోరణంలా వేపమండలు కట్టిన ఊళ్లూ ఉన్నాయి.

కాగితాల్లో మున్సిపాలిటీలో కలిసిపోయిన హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో బొడ్రాయి పండగలు ఆగలేదు. ఆ పండక్కి పెట్టే మొదటి కబురు ఆడబిడ్డలకు. పెళ్లయి పోయినవాళ్లందరినీ, ముప్పై ఏళ్ల కిందట వెళ్లినవాళ్లను కూడా పేరుపేరునా పిలుస్తారు, చీర పెడతారు. ఆడపిల్ల 'ఆడ'పిల్లే అనే మాట ఈ ఊళ్లలోనే పుట్టింది. అత్తగారింట్లో గడప మీది బియ్యపు చెంబును కుడికాలితో తన్ని లోపలికి పోయినప్పుడే ఆమె లెక్క ఇక్కడ తీసేశారు. కట్టడి రోజున అల్లుడికి కూడా అడ్డు చెప్పే ఊరు ఆమెను నడిబొడ్డు దాకా రానిస్తుంది. ఆమె బిందెతో నీళ్లు తెచ్చి బొడ్రాయి మీద పోసి, తడిసిన కొంగుతోనే పుట్టింటి గడపకు పసుపు రాయడానికి వెళుతుంది.